పరీక్షతోనే ఆగిపోయిన నియంత్రణ: పేటెంట్ ఏజెంట్ల విషయంలో మనమెక్కడ, పొరుగు దేశాలెక్కడ?

కుట్టు యంత్రానికి సంబంధించి కొత్త పద్ధతి కనిపెట్టిన ఒక భారతీయ ఆవిష్కర్త కొన్నేళ్ల క్రితం పేటెంట్‌కు దరఖాస్తు చేసుకున్నాడు. పనంతా ఒక పేటెంట్ ఏజెంట్‌కు అప్పగించాడు. పేటెంట్ కార్యాలయం దరఖాస్తును పరిశీలించి, తన అభ్యంతరాలతో తొలి పరిశీలనా నివేదికను పంపింది. ఆ సంగతి ఆవిష్కర్తకు చేరలేదు. సమాధానం ఇవ్వాల్సిన గడువు దాటిపోయింది. చట్టం ప్రకారం ఆ దరఖాస్తును అతడే వదులుకున్నట్లు లెక్క. అతడు వదులుకోలేదు, వదులుకోవాలని అనుకోనూ లేదు. చివరికి ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది.

2024లో ఆ కేసులో కోర్టు ఆవిష్కర్తకు ఊరట ఇచ్చింది. అంతటితో ఆగకుండా, ఆ ఏజెంట్ తీరుపై విచారణ జరపాలనీ, పేటెంట్ ఏజెంట్లందరికీ ఒక ప్రవర్తనా నియమావళి రూపొందించే ప్రక్రియ చేపట్టాలనీ పేటెంట్ల కంట్రోలర్ జనరల్‌ను ఆదేశించింది. ఇది కొత్త సమస్యేమీ కాదు. 2022లో ఇదే కోర్టు ముందుకు వచ్చిన మరో కేసులో దరఖాస్తుదారు సాక్షాత్తూ యూరోపియన్ యూనియన్. అక్కడా కథ ఇదే: ఏజెంట్ వైపు నుంచి సమాధానం వెళ్లలేదు, దరఖాస్తులు రద్దయ్యాయి, కోర్టు వాటిని పునరుద్ధరించింది. న్యాయవాదులకూ నిపుణులకూ కొదవలేని సంస్థకే ఇలా జరిగితే, జిల్లా కేంద్రంలో చిన్న వర్క్‌షాపు నడుపుకునే ఆవిష్కర్త సంగతి ఏమిటి?

పేటెంట్ చట్టం 1970లో వచ్చింది, 1972 ఏప్రిల్ 20 నుంచి అమల్లో ఉంది. అర్ధ శతాబ్దం గడిచాక, ఏజెంట్లకు ప్రవర్తనా నియమావళి కావాలని ఒక కోర్టు గుర్తు చేయాల్సి రావడం ఆలోచించాల్సిన విషయం. వృత్తిలోకి ఎవరు రావాలన్నది మన వ్యవస్థ జాగ్రత్తగానే నిర్ణయించింది. వచ్చినవారు ఎలా పని చేయాలన్నది మాత్రం దాదాపుగా వారి మనస్సాక్షికే వదిలేసింది.

ఏజెంట్ చేసే పని ఏమిటి?

పేటెంట్ అంటే ఒక యంత్రానికో మందుకో ఇచ్చే బిరుదు కాదు. అది మాటలతో గీసిన సరిహద్దు. దరఖాస్తు చివర ‘క్లెయిములు’ అనే వాక్యాలుంటాయి. ఆవిష్కర్త హక్కు ఎంతవరకు అన్నది తేల్చేవి ఆ వాక్యాలే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎవరో ఒక రైతు ధాన్యం ఆరబెట్టే యంత్రం తయారు చేశాడనుకుందాం. చిల్లులున్న ఇనుప పలక మీద ధాన్యం పరచి, కింది నుంచి వేడిగాలిని ఒక ప్రత్యేకమైన క్రమంలో పంపిస్తాడు. అందులో అసలు కొత్తదనం గాలిని పంపే క్రమంలో ఉంది. క్లెయిములో ‘ఇనుప పలక’ అని రాసేస్తే, పోటీదారు అల్యూమినియం పలక వాడి తప్పించుకుంటాడు. అలాగని ‘చిల్లులున్న ఏ ఉపరితలమైనా’ అని మరీ విస్తృతంగా రాస్తే, అలాంటివి ఎప్పటినుంచో ఉన్నాయని పరిశీలకుడు తిరస్కరిస్తాడు. ఈ రెండింటి మధ్య సరైన గీత గీయాలంటే గాలి ప్రవాహమూ ఉష్ణ బదిలీ తెలియాలి, చట్టమూ తెలియాలి.

పైగా ఇది సులువుగా దిద్దుకోగలిగే తప్పు కాదు. మొదట దాఖలు చేసిన వివరణలో లేని విషయాన్ని తర్వాత చేర్చడాన్ని పేటెంట్ చట్టం 59వ సెక్షన్ ఒప్పుకోదు. క్లెయిము పరిధిని తగ్గించుకోవచ్చు కానీ, వివరణలో చెప్పనిదాన్ని కొత్తగా కలుపుకోలేం. ఈలోగా ఆవిష్కరణ బయటికి వచ్చేస్తే మళ్లీ కొత్తగా దరఖాస్తు చేసే అవకాశమూ పోవచ్చు. పేటెంట్ దరఖాస్తు 18 నెలలకు సాధారణంగా ప్రచురితమవుతుంది కాబట్టి, సరిగా రాయని దరఖాస్తు ఆవిష్కర్తకు హక్కు ఇవ్వకుండానే రహస్యాన్ని లోకానికి చెప్పేస్తుంది.

ఇక గడువుల సంగతి. తాత్కాలిక వివరణ దాఖలు చేస్తే 12 నెలల్లోపు పూర్తి వివరణ ఇవ్వాలి. పరిశీలన జరపాలని విడిగా కోరాలి. 2024 నిబంధనల సవరణ తర్వాత కొత్త దరఖాస్తులకు ఈ గడువు 48 నెలల నుంచి 31 నెలలకు తగ్గింది. తొలి పరిశీలనా నివేదికకు ఆరు నెలల్లో సమాధానం ఇవ్వాలి, కోరితే మరో మూడు నెలలు దొరుకుతాయి. పేటెంట్ వచ్చాక కూడా రుసుములు కట్టకపోతే హక్కు పోతుంది. ఆలస్యాన్ని మన్నించే అధికారాన్ని 2024 సవరణ కొంత విస్తరించిన మాట నిజమే. కానీ దానికి అదనపు రుసుము ఉంది, హద్దూ ఉంది.

తెలుగు నేలపై ఇది ఎవరికి అవసరమో చెప్పడానికి చింతకింది మల్లేశం ఉదాహరణ చాలు. ఆరో తరగతితో చదువు ఆపేసిన ఆయన, పోచంపల్లి చీరల నేతలో చేత్తో వేల సార్లు దారం తిప్పాల్సిన ఆసు పనికి యంత్రం తయారు చేశారు. తల్లి భుజాల నొప్పి చూడలేక చేసిన ఆ యంత్రానికి పేటెంట్ వచ్చింది, 2017లో ఆయనకు పద్మశ్రీ దక్కింది. అలాంటి ఆవిష్కర్తకు యంత్రం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. దాన్ని చట్టం భాషలో చెప్పే మనిషి మాత్రం కావాలి. ఆ మనిషి సమర్థుడై ఉండాలి, నమ్మదగినవాడై ఉండాలి. సమర్థతను పరీక్షతో కొలవవచ్చు. నమ్మకానికి మాత్రం వేరే ఏర్పాటు కావాలి.

గుమ్మం దగ్గర గట్టి తనిఖీ

భారత పేటెంట్ చట్టంలో 125 నుంచి 132 వరకు సెక్షన్లు పేటెంట్ ఏజెంట్ల గురించినవి. 126వ సెక్షన్ ప్రకారం ఏజెంట్‌గా నమోదు కావాలంటే భారత పౌరులై ఉండాలి, 21 ఏళ్లు నిండాలి, సైన్స్, ఇంజినీరింగ్ లేదా టెక్నాలజీలో డిగ్రీ ఉండాలి. ఆపైన అర్హతా పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. పేటెంట్ కార్యాలయంలో పరిశీలకులుగానో కంట్రోలర్‌గానో కనీసం పదేళ్లు పనిచేసినవారికి పరీక్ష అక్కర్లేదు.

పరీక్ష తేలికైనది కాదు. చట్టం, నిబంధనలపై ఒక పేపరు, వివరణలు రాయడం, వాటిని అర్థం చేసుకోవడంపై ఇంకో పేపరు, ఆ తర్వాత మౌఖిక పరీక్ష. రాత పరీక్షలో ఒక్కో పేపరులో కనీసం 50 మార్కులు, మొత్తం మీద 60 శాతం రావాలి. నమోదు లేకుండా ఏజెంట్‌నని చెప్పుకుని పనిచేస్తే చట్టం జరిమానా విధిస్తుంది. 2023లో వచ్చిన జన విశ్వాస్ చట్టం ఆ జరిమానా గరిష్ఠ పరిమితిని ఐదు లక్షల రూపాయలుగా ఉంచింది.

సైన్స్ డిగ్రీనే ఎందుకు, న్యాయవాదులు ఎందుకు కాకూడదన్న వాదమూ ఉంది. గతంలో అడ్వొకేట్లకు పరీక్ష లేకుండానే నమోదయ్యే దారి ఉండేది. 2005 సవరణ ఆ దారిని మూసింది. 2013లో మద్రాసు హైకోర్టు ఆ సవరణ రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. అడ్వొకేట్ కంట్రోలర్ ముందు విచారణలో వాదించడానికి 132వ సెక్షన్ ఎలాగూ అనుమతిస్తుంది. వివరణ రాయడం దగ్గరే పేచీ. రసాయన సమ్మేళనం నిర్మాణాన్నో, సర్క్యూట్‌నో అర్థం చేసుకోకుండా దాని హద్దులు మాటల్లో గీయడం కష్టం కాబట్టి, సైన్స్ చదువు షరతు సబబైనదే.

అయితే గుమ్మం దగ్గరా ఒక లోపం ఉంది. పరీక్ష ఏటా క్రమం తప్పకుండా జరగడం లేదు. 2018 అక్టోబరులో జరిగిన పరీక్ష తర్వాత తదుపరిది 2023 మేలో జరిగింది. మధ్యలో కొవిడ్ కాలం ఉన్న మాట నిజమే. అయినా నాలుగున్నరేళ్ల విరామం ఒక వృత్తికి చిన్న విషయం కాదు. ఆ కాలంలో డిగ్రీలు పూర్తి చేసిన యువత అర్హత ఉండీ ఎదురు చూడాల్సి వచ్చింది. మరోవైపు పని పెరిగింది. 2023-24లో దేశంలో 92 వేలకు పైగా పేటెంట్ దరఖాస్తులు దాఖలయ్యాయి, లక్షకు పైగా పేటెంట్లు మంజూరయ్యాయి. దరఖాస్తుల్లో సగానికి పైగా భారతీయులవే.

గుమ్మం దాటాక ఏముంది?

పేరు పట్టికలోకి ఎక్కాక అది కొనసాగడానికి కావాల్సింది రుసుము చెల్లించడమే. చట్టాలు, నిబంధనలు, సాంకేతికతలు మారుతున్నా తిరిగి చదువుకున్నట్లు ఎవరికీ చూపించనక్కర్లేదు. ఒకే రంగంలో పోటీపడే ఇద్దరు కక్షిదారుల పని ఒకే ఏజెంట్ తీసుకోవచ్చా, గడువు దగ్గర పడితే కక్షిదారుకు ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఏజెంట్ పని మానేస్తే దస్త్రాలు ఎవరికి అప్పగించాలి, ఫీజు బకాయి ఉందని కాగితాలు ఆపి పెట్టుకోవచ్చా వంటి ప్రశ్నలకు చట్టంలో జవాబుల్లేవు.

130వ సెక్షన్ ప్రకారం వృత్తిపరమైన దుష్ప్రవర్తనకు పాల్పడిన ఏజెంట్ పేరును, వాదన వినిపించే అవకాశం ఇచ్చాక, కంట్రోలర్ తొలగించవచ్చు. కానీ దుష్ప్రవర్తన అంటే ఏమిటో ఆ సెక్షన్ చెప్పదు. అది కంట్రోలర్ అభిప్రాయానికి వదిలిన విషయం. శిక్ష కూడా ఒక్కటే, పేరు తీసేయడం. మందలింపు, కొంతకాలం సస్పెన్షన్, నష్టపరిహారం వంటి మధ్యస్థ చర్యలకు తావులేదు. తీవ్రమైన శిక్ష ఒక్కటే చేతిలో ఉన్నప్పుడు దాన్ని వాడడానికి ఎవరైనా వెనకాడతారు.

ఇంకో ఇబ్బందీ ఉంది. ఏజెంట్ ఎవరి నిర్ణయాలను ప్రశ్నిస్తూ వాదించాలో, అదే కార్యాలయం ఏజెంట్‌పై క్రమశిక్షణ అధికారం చెలాయిస్తుంది. న్యాయవాదులకు 1961 చట్టం కింద బార్ కౌన్సిళ్లు ఉన్నాయి. చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949 చట్టం కింద ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడ న్యాయమూర్తి నేరుగా న్యాయవాది లైసెన్సు చూసుకోడు, పన్ను అధికారి అకౌంటెంట్ లైసెన్సు చూసుకోడు. ఆ సంస్థలన్నీ ఆదర్శంగా నడుస్తున్నాయని కాదు. నియమాలు రాసి ఉన్నాయి, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో సామాన్యుడికి తెలుసు. పేటెంట్ ఏజెంట్ విషయంలో ఆ రెండూ లేవు.

ఒకే వేరు, వేర్వేరు కొమ్మలు

ఈ లోటు మనదొక్కటే కాదు. ఉపఖండపు పేటెంట్ వ్యవస్థలు చాలావరకు ఒకే వేరు నుంచి వచ్చాయి. బ్రిటిష్ పాలనలో 1911లో తెచ్చిన పేటెంట్లు, డిజైన్ల చట్టం దేశ విభజన తర్వాత భారత్‌లోనూ పాకిస్తాన్‌లోనూ కొనసాగింది. భారత్ 1970లో సొంత పేటెంట్ చట్టం చేసుకుంది. పాకిస్తాన్ 2000లో పేటెంట్ల ఆర్డినెన్స్ తెచ్చింది. బంగ్లాదేశ్ మాత్రం 1911 నాటి చట్టంతోనే నూరేళ్లు దాటి నడిచి, 2022లో కొత్త చట్టం చేసి, మరుసటి ఏడాదే దాని స్థానంలో 2023 చట్టం తెచ్చింది.

శ్రీలంకలో 2003 నాటి మేధా సంపత్తి చట్టం పేటెంట్లు, ట్రేడ్‌మార్కులు, డిజైన్లు అన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. అక్కడ పేటెంట్లకు ప్రత్యేకమైన ఏజెంట్ అంటూ కాకుండా, మొత్తం మేధా సంపత్తికి నమోదిత ఏజెంట్లు ఉంటారు. నేపాల్ 1965లో చేసిన పేటెంట్, డిజైన్, ట్రేడ్‌మార్కు చట్టంతోనే చాలాకాలంగా నెట్టుకొస్తోంది. ఆ పని చూసేది పరిశ్రమల శాఖ. భారత చట్టంలో ఉన్నట్లు పేటెంట్ ఏజెంట్ల కోసం ప్రత్యేక అధ్యాయం ఆ చిన్న చట్టంలో లేదు.

ఇందువల్ల జరిగేదేమిటంటే, హైదరాబాద్‌లోని ఒక మందుల కంపెనీ ఢాకాలోనో కొలంబోలోనో కఠ్మాండులోనో పేటెంట్ కోరితే, ప్రతిచోటా కొత్త మనిషిని వెతుక్కోవాలి. ఆ మనిషి అర్హత ఏమిటో, తప్పు చేస్తే ఎవరిని అడగాలో ప్రతిచోటా వేరు. గడువుల లెక్కా వేరు. భారత్ 1998 నుంచి, శ్రీలంక 1982 నుంచి పేటెంట్ సహకార ఒప్పందంలో ఉన్నాయి. అందువల్ల ఈ రెండు దేశాల మధ్య ఆలోచించుకోవడానికి 30 నెలల పైన వ్యవధి దొరుకుతుంది. 2024 నాటికి పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్ ఆ ఒప్పందంలో లేవు. అక్కడ పారిస్ ఒప్పందం ఇచ్చే 12 నెలలే దిక్కు. ఏ దేశానికి ఏ గడువో తెలియని ఏజెంట్ ఒక్క పొరపాటుతో ఒక మార్కెట్‌నే పోగొట్టగలడు.

ఈ విషయం పొరుగువారికి మరింత అత్యవసరం కాబోతోంది. అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాల జాబితాలో ఉండడం వల్ల బంగ్లాదేశ్‌కు మందుల పేటెంట్ల విషయంలో ప్రపంచ వాణిజ్య సంస్థ మినహాయింపు ఉంది. దాని అండతోనే అక్కడి జనరిక్ మందుల పరిశ్రమ ఎదిగింది. ఐక్యరాజ్యసమితి నిర్ణయించిన గడువు ప్రకారం బంగ్లాదేశ్, నేపాల్ 2026 నవంబరులో ఆ జాబితా నుంచి బయటికి రావాలి. భూటాన్ 2023 డిసెంబరులోనే వచ్చేసింది. మినహాయింపు పోయాక మందు ధర తేల్చేది పేటెంట్ హద్దులే. అనవసరమైన పేటెంట్‌ను సకాలంలో వ్యతిరేకించగల నిపుణులు దేశంలో ఉన్నారా లేదా అన్నది అప్పుడు రోగి జేబుకు సంబంధించిన ప్రశ్న అవుతుంది.

చైనా దారి

ఉత్తరాన ఉన్న పొరుగు దేశం ఇంకో దారి పట్టింది. చైనాలో ఆధునిక పేటెంట్ చట్టం అమల్లోకి వచ్చింది 1985లో. అంటే ఈ రంగంలో మనకంటే చిన్నది. అక్కడ పేటెంట్ ఏజెంట్ కావాలంటే సైన్స్ లేదా ఇంజినీరింగ్ చదివి ఉండాలి, జాతీయ స్థాయి పరీక్ష రాయాలి. ఇంతవరకు మనలాగే. 2019 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన సవరించిన నిబంధనలు అంతకు మించి వెళ్లాయి. పరీక్ష గట్టెక్కగానే బోర్డు కట్టుకోవడం కుదరదు. సాధారణంగా ఒక ఏజెన్సీలో ఏడాదిపాటు శిక్షణ పొందాలి. ఆ తర్వాత కూడా వ్యక్తిగతంగా కక్షిదారుల పని తీసుకోకూడదు, లైసెన్సు ఉన్న ఏజెన్సీ ద్వారానే చేయాలి. అదే ఏడాది అక్కడి జాతీయ మేధా సంపత్తి సంస్థ లైసెన్సు లేని ఏజెన్సీలపైన, నకిలీ దరఖాస్తులు వేయించేవారిపైన ‘నీలాకాశం’ పేరుతో తనిఖీల కార్యక్రమం మొదలుపెట్టింది.

ఈ పద్ధతిలో మంచీ ఉంది, ముప్పూ ఉంది. ఏడాది శిక్షణ అనేది మనం తీసుకోదగ్గ ఆలోచన. క్లెయిము రాయడం పుస్తకం చదివి వచ్చే విద్య కాదు, అనుభవజ్ఞుల పక్కన కూర్చుని నేర్చుకోవాలి. కానీ స్వతంత్రంగా పనిచేయడాన్ని నిషేధించడం మన దేశానికి పనికిరాదు. పెద్ద ఏజెన్సీలు పెద్ద నగరాల్లోనే ఉంటాయి. విజయనగరంలోనో నిజామాబాద్‌లోనో ఒంటరిగా పనిచేసే ఏజెంట్‌ను చట్టం తరిమేస్తే నష్టపోయేది అక్కడి ఆవిష్కర్తే.

సముద్రానికి అటూ ఇటూ ఒకే పట్టిక

పొరుగు దేశాలు కలిసి ఏం చేయగలవో చూపించిన జంట ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. 2017 ఫిబ్రవరి 24 నుంచి ఈ రెండు దేశాలకూ పేటెంట్ అటార్నీల పట్టిక ఒక్కటే. అర్హతలు నిర్ణయించే బోర్డు ఒక్కటే, ఫిర్యాదులు విచారించే క్రమశిక్షణా ట్రిబ్యునల్ ఒక్కటే, 2018లో వచ్చిన ప్రవర్తనా నియమావళీ ఒక్కటే. పేటెంట్లు మాత్రం ఏ దేశానివి ఆ దేశానివే, కార్యాలయాలూ వేర్వేరే. అటార్నీలు ఏటా పది గంటలు కొత్త విషయాలు నేర్చుకున్నట్లు చూపించాలి, లేకపోతే నమోదు కొనసాగదు. నియమావళిలో కక్షిదారు రహస్యాలు, ప్రయోజనాల ఘర్షణ, పనితీరు, సమాచారం ఇవ్వడం వంటివన్నీ రాసి ఉన్నాయి. ఏ సూత్రాన్ని ఉల్లంఘించారో చూపిస్తూ కక్షిదారు ఫిర్యాదు చేయవచ్చు.

ఐరోపా ఇంకా పాత ఉదాహరణ. అక్కడ 39 దేశాలు ఒకే పేటెంట్ ఒప్పందంలో ఉన్నాయి. ఆ కార్యాలయం ముందు వాదించే అటార్నీలందరికీ ఒకే అర్హతా పరీక్ష, 1977లో ఏర్పడిన ఒకే వృత్తి సంస్థ. ఆ సంస్థకు ప్రవర్తనా నియమావళి ఉంది, క్రమశిక్షణా సంఘం ఉంది, దానిపైన అప్పీలుకు దారి కూడా ఉంది.

దక్షిణాసియాలో రేపే అలాంటి ఉమ్మడి పట్టిక వస్తుందని అనుకోవడం అత్యాశ. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల మధ్య ఉన్న రాజకీయ నమ్మకం ఇక్కడ లేదు. సార్క్ నిద్రాణంగా ఉంది. పైగా మన 126వ సెక్షనే భారత పౌరసత్వాన్ని షరతుగా పెట్టింది. అయితే ఆ జంట నుంచి నేర్చుకోవాల్సిన పాఠం ఉమ్మడి పట్టిక ఒక్కటే కాదు. పొరుగు దేశపు నిపుణుడిని నమ్మాలంటే ముందు అతని దేశంలో నియమాలు రాసి ఉండాలి, అమలు కావాలి. తన ఇంట్లో నియమావళి లేని దేశం పొరుగువారితో నియమావళి పంచుకోలేదు.

అభ్యంతరాలు

నియంత్రణ పెరిగితే ఖర్చు పెరుగుతుందన్నది మొదటి అభ్యంతరం. ఇది కొట్టిపారేయదగ్గది కాదు. ప్రస్తుతం వ్యక్తిగత ఆవిష్కర్తలు, స్టార్టప్‌లు, చిన్న సంస్థలు, విద్యాసంస్థలకు పేటెంట్ రుసుముల్లో 80 శాతం రాయితీ ఉంది. ఆన్‌లైన్‌లో దాఖలు చేయడానికి మామూలుగా 8,000 రూపాయలైతే వీరికి 1,600. అంటే ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వ రుసుము కాదు, ఏజెంట్ ఫీజు. నియమావళి భారం ఆ ఫీజుకు తోడైతే పేద ఆవిష్కర్త దూరమవుతాడు. కానీ నియమాలు లేకపోవడం వల్ల కూడా ఖర్చు ఉంది. గడువు దాటిన దరఖాస్తును బతికించుకోవడానికి హైకోర్టుకు వెళ్లే ఖర్చు ముందు ఏటా పది గంటల శిక్షణ ఖర్చు చాలా చిన్నది. ఆ ఖర్చు భరించలేక మౌనంగా హక్కు వదులుకున్నవారి పేర్లు ఏ తీర్పులోనూ కనిపించవు.

వృత్తి సంఘం చేతికి అధికారం ఇస్తే అది తనవారిని కాపాడుకునే గుంపుగా మారుతుందన్నది రెండో అభ్యంతరం. ఈ భయానికీ ఆధారాలున్నాయి. అందుకే అధికారం మొత్తాన్ని ఏజెంట్ల సంఘానికీ ఇవ్వకూడదు, కంట్రోలర్ దగ్గరే ఉంచకూడదు. క్రమశిక్షణా సంఘంలో ఏజెంట్లతో పాటు న్యాయ అనుభవం ఉన్నవారు, ఆవిష్కర్తల తరఫున శాస్త్రవేత్తలు, చిన్న పరిశ్రమల ప్రతినిధులు ఉండాలి.

ఏజెంట్లందరినీ దొంగల్లా చూస్తున్నారన్నది మూడోది. నిజానికి నియమావళి వల్ల ఎక్కువ మేలు జరిగేది నిజాయతీగా పనిచేసే ఏజెంట్‌కే. కక్షిదారు ఫోన్ ఎత్తక, సమాధానం పంపక, చివరికి తప్పంతా ఏజెంట్ మీదికి నెట్టే సందర్భాలూ ఉంటాయి. ఏ సమాచారం ఎప్పుడు ఏ రూపంలో ఇవ్వాలో రాసి ఉంటే, ఇచ్చానని చూపించడం ఏజెంట్‌కు రక్షణ.

ఏం చేయాలి?

మొదటిది, నియమావళిని చట్టబద్ధమైన నిబంధనల రూపంలో తేవాలి. సలహా పత్రంగా మిగిలిపోతే ఫలితం ఉండదు. అందులో కనీసం నాలుగు విషయాలు స్పష్టంగా ఉండాలి: పేటెంట్ కార్యాలయం నుంచి వచ్చిన ప్రతి లేఖనూ నిర్ణీత రోజుల్లో కక్షిదారుకు పంపడం, ప్రయోజనాల ఘర్షణను ముందే చెప్పడం, రహస్యాలు కాపాడడం, పని మానేసేటప్పుడు దస్త్రాలు అప్పగించడం.

రెండోది, పేరు తొలగింపుకు ముందు మెట్లు ఉండాలి. మందలింపు, తిరిగి శిక్షణ, తాత్కాలిక సస్పెన్షన్ వంటివి లేకుండా క్రమశిక్షణ పనిచేయదు. తుది నిర్ణయాలను ఏజెంట్ల పట్టిక పక్కనే బహిరంగంగా ఉంచాలి. మూడోది, పరీక్ష తేదీల క్యాలెండర్‌ను ముందే ప్రకటించి ఏటా జరపాలి, ఉత్తీర్ణులకు కొంతకాలం పర్యవేక్షణలో శిక్షణ ఉండాలి. నాలుగోది, ఏటా కొన్ని గంటల అభ్యసనాన్ని తప్పనిసరి చేసి, దాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగానో స్వల్ప రుసుముకో అందించాలి. 2016 నుంచి స్టార్టప్‌ల పేటెంట్ పనికి ఏజెంట్ల ఫీజును కేంద్ర పథకం ద్వారా ప్రభుత్వమే చెల్లిస్తోంది. ప్రజాధనం అందుకునే పనికి ప్రమాణాలు అడగడం తప్పు కాదు.

ఐదోది సాంకేతికమైనది, ఖర్చు లేనిది. పరిశీలనా నివేదిక వెళ్లినప్పుడు ఏజెంట్‌తో పాటు దరఖాస్తుదారు ఫోన్‌కు కూడా, వారి భాషలో, ఒక సందేశం తప్పనిసరిగా చేరాలి. బ్యాంకు ఖాతాలో వంద రూపాయలు కదిలినా ఫోన్ మోగే దేశంలో, జీవితకాలపు శ్రమ గడువు ముగుస్తున్నప్పుడు మోగకపోవడానికి కారణం లేదు. చెన్నై కార్యాలయం పరిధిలోకి వచ్చే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆవిష్కర్తలకు ఆ సందేశం తెలుగులో రావాలని కోరడం కూడా గొంతెమ్మ కోరిక కాదు.

ఇవి వచ్చేలోగా ఆవిష్కర్తలు తమ జాగ్రత్తలో తాము ఉండాలి. ఏజెంట్ పేరు పేటెంట్ కార్యాలయం వెబ్‌సైట్‌లోని పట్టికలో ఉందో లేదో చూసుకోవాలి. దరఖాస్తు సంఖ్య తీసుకుని, అది ప్రచురితమయ్యాక దాని స్థితిని అదే వెబ్‌సైట్‌లో నెలకోసారి స్వయంగా పరిశీలించాలి. గడువులన్నీ రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.

పేటెంట్ల సంఖ్య పెరిగిందని దేశం సంతోషించడం సహజం. ఆ సంఖ్యలో చేరకుండా ఎవరి నిర్లక్ష్యం వల్లో జారిపోయిన దరఖాస్తులకు మాత్రం లెక్క లేదు. అర్ధ శతాబ్దం క్రితం ఈ వృత్తికి గుమ్మం కట్టిన చట్టం, ఇప్పుడు ఇంటి లోపలి పద్ధతులూ రాసుకోవాలి. 2024లో కోర్టు చెప్పింది అదే. ఆ పని సక్రమంగా పూర్తయితే, మనతో పాటు ఒకే వేరు నుంచి పుట్టిన పొరుగు దేశాలకూ అది ఒక నమూనా అవుతుంది.